వేడి మీద స్టార్ట్ కాని పాత పెట్రోల్ కారు: ఆక్సిజన్ సెన్సార్ మార్చినా పి0172 పోకపోతే ఏం చూడాలి

మీరు చెప్పినవన్నీ ముందు ఒకచోట పెడతాను. 2009 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పొద్దున పూట ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతోంది. ఊళ్లో తిరిగి, వేడి మీద ఆపి, పది నిమిషాలాగి మళ్లీ సెల్ఫ్ కొడితే తిరుగుతూనే ఉంటుంది తప్ప అందుకోదు. యాక్సిలరేటర్ కిందిదాకా తొక్కి పట్టుకుంటే మాత్రం నల్లపొగ కక్కుతూ స్టార్ట్ అవుతోంది. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే బండి 10కి పడిపోయింది. స్కానర్ పెడితే పి0172 అనే కోడ్ వచ్చింది. మెకానిక్ ప్లగ్గులు మార్చారు, సైలెన్సర్ దారిలో పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సార్ మార్చారు, వారం తిరక్కుండా అదే కోడ్ మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, పోయిందంటున్నారు. డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు ఎప్పటిలాగే మధ్యలో నిలబడుతోంది. బండికి పాత ఓనర్ ఎల్పీజీ కిట్ పెట్టించి, అమ్మేముందు తీసేశారు.

ఈసీయూ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఈ లక్షణాలన్నీ కలిపి చూస్తే నా అనుమానం కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు) వేడిని కొలిచే కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ మీద, అంతకంటే ఎక్కువగా ఆ సెన్సార్ నుంచి ఈసీయూ దాకా వెళ్లే రెండు వైర్ల మీద. అనుమానం అనే అంటున్నాను. దాన్ని రుజువు చేసుకోవడానికి ఒక మల్టీమీటర్, లైవ్ డేటా (సెన్సార్లు అప్పటికప్పుడు చెప్పే అంకెలు) చూపించే స్కానర్, రూపాయి రెండు రూపాయల రెసిస్టర్లు రెండు చాలు. రుజువయ్యేదాకా కొత్త పార్టు ఏదీ కొనకండి.

ముందు ఆ కోడ్ సంగతి. పి0172 అంటే మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువగా ఉంది, తగ్గించి తగ్గించి ఇక తగ్గించలేని హద్దుకొచ్చాను అని ఈసీయూ చెబుతోంది. అంతే. ఫలానా సెన్సార్ పోయిందని ఆ కోడ్ ఎక్కడా అనడం లేదు. పెట్రోల్ ఎక్కువైందన్న కబురు మోసుకొచ్చింది ఆక్సిజన్ సెన్సార్. నల్లపొగ, నల్లబడ్డ ప్లగ్గులు, పడిపోయిన మైలేజీ చూస్తే ఆ కబురు నిజమే. అంటే మీ పాత ఆక్సిజన్ సెన్సార్ తన పని తాను సరిగ్గా చేసుకుంటూ ఉండి ఉంటుంది. దాన్ని పారేయకుండా దాచి ఉంటే జాగ్రత్తగా పెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఈ సెన్సార్‌ను పరీక్షించడం కూడా తేలికే. ఇంజన్ వేడెక్కాక దాని సిగ్నల్ వోల్టేజీ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య పైకీ కిందకీ ఊగుతూ ఉండాలి. మీ బండిలో అది 0.8, 0.9 దగ్గరే అతుక్కుని కనిపిస్తుందనుకుంటున్నాను. అప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు వెళ్లే సన్నటి వాక్యూమ్ గొట్టం ఒకటి క్షణం పాటు లాగి గాలి పీల్చనివ్వండి. వోల్టేజీ వెంటనే 0.2 కిందికి దిగితే సెన్సార్ బతికే ఉంది, ఎక్కువ పెట్రోల్‌ను ఎక్కువ పెట్రోల్‌గానే చెబుతోంది.

ఇక అసలు విషయానికి వస్తాను. కార్బురేటర్ బళ్లు నడిపినవాళ్లకు చోక్ గుర్తుండే ఉంటుంది. చలికి పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, మానిఫోల్డ్ గోడలకు అంటుకుపోతుంది, అందుకే పొద్దున పూట చోక్ లాగి ఎక్కువ పెట్రోల్ ఇచ్చేవాళ్లం, ఇంజన్ వేడెక్కగానే మూసేసేవాళ్లం. కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే ఎంపీఎఫ్‌ఐ బండిలో ఆ చోక్ ఎంత లాగాలో, ఎప్పుడు మూయాలో ఈసీయూ నిర్ణయిస్తుంది, అందుకు దానికున్న ప్రధాన ఆధారం కూలెంట్ టెంపరేచర్ సెన్సారే. నీళ్లు 90 డిగ్రీలకు కాగి ఉన్నా సెన్సార్ లైను 40 అని చెబితే, ఈసీయూ 40 డిగ్రీల ఇంజన్‌కు పోయాల్సినంత పెట్రోల్ పోస్తుంది. పొద్దున అది సరిపోతుంది కాబట్టి ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. వేడి మీద అదే పెట్రోల్ ప్లగ్గులను తడిపేస్తుంది.

యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే స్టార్ట్ అవుతోందన్న మీ మాటకు నేను చాలా విలువిస్తాను. చాలా ఎంపీఎఫ్‌ఐ బళ్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు యాక్సిలరేటర్ కిందిదాకా తొక్కి ఉంటే ఈసీయూ ఇంజెక్టర్లను ఆపేస్తుంది. తడిసిన సిలిండర్లను ఆరబెట్టడానికి పెట్టిన ఏర్పాటు అది. అలా తొక్కినప్పుడే స్టార్ట్ అవుతోందంటే స్పార్క్ ఉంది, కంప్రెషన్ ఉంది, ఇంజన్ తిరగడాన్ని ఈసీయూకు చెప్పే క్రాంక్ సెన్సార్ పని చేస్తోంది. ఎక్కువైనది పెట్రోల్ ఒక్కటే. ఒక్క గమనికతో సగం అనుమానాలు కొట్టేయవచ్చు.

మరి టెంపరేచర్ లైన్ తప్పయితే దానికి వేరే కోడ్ రావాలి కదా అని మీ మెకానిక్ అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ లైనుకు పి0117, పి0118 అనే కోడ్లున్నాయి. కానీ అవి సిగ్నల్ దాదాపు 0 వోల్టుకో, దాదాపు 5 వోల్టులకో అతుక్కుపోయినప్పుడే వస్తాయి, అంటే లైన్ పూర్తిగా షార్ట్ అయినప్పుడో, తెగిపోయినప్పుడో. సెన్సార్ 90కి బదులు 40 అని చెబితే ఈసీయూ దృష్టిలో అది మామూలు విలువే. చల్లటి ఇంజన్ కాబోలు అనుకుంటుంది. నమ్మదగ్గ అబద్ధానికి కోడ్ రాదు. పాత బళ్లలో ఈ రకం తప్పే ఎక్కువ డబ్బు తినేస్తుంది, ఎందుకంటే కోడ్ వేరే పార్టు వైపు చూపిస్తుంది, జనం ఆ పార్టు మారుస్తూ పోతారు.

టెంపరేచర్ ముల్లు మధ్యలో ఉండటం కూడా ఏమీ రుజువు చేయదు. ఆ తరం బళ్లలో చాలావాటికి ముల్లుకు ఒక సెండర్, ఈసీయూకు వేరే సెన్సార్ ఉంటాయి. ముల్లుది సాధారణంగా ఒక్క వైరు, ఎర్త్ ఇంజన్ బాడీ నుంచే దొరుకుతుంది. ఈసీయూది రెండు వైర్లు. కొన్నింటిలో రెండూ ఒకే పార్టులో ఉండి మూడు పిన్నులు ఉంటాయి, కానీ లోపల వేర్వేరు ఎలిమెంట్లే. మీ బండిలో థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వ్) హౌసింగ్ దగ్గర, సిలిండర్ హెడ్ చివర వెతకండి. ఏది ఈసీయూ సెన్సారో ముందు తేల్చుకోండి.

పరీక్షల్లో మొదటిది పొద్దున్నే చేయాలి, దానికి పానా కూడా అక్కర్లేదు. రాత్రంతా నిలిపిన బండిలో కూలెంట్, ఇన్‌టేక్ గాలి, బయటి గాలి మూడూ ఒకే వేడిలో ఉంటాయి. స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి, స్కానర్ లైవ్ డేటాలో కూలెంట్ టెంపరేచర్, ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ రెండూ పక్కపక్కన చూడండి. మూడు నాలుగు డిగ్రీల తేడా అయితే పర్వాలేదు. గాలి 27 అని, కూలెంట్ 16 అని చూపిస్తే ఏదో ఒకటి తప్పు చెబుతోంది, బయట థర్మామీటర్ చూస్తే ఏదో తెలుస్తుంది.

స్కానర్ గురించి ఒక మాట. మన దేశంలో ఓబీడీ (బండి తన తప్పులు తానే గుర్తించి కోడ్లుగా చెప్పే ఏర్పాటు) మొదటి దశ 2010 ఏప్రిల్ నుంచి, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి బీఎస్ 4 కార్లకు తప్పనిసరి అయింది. 2009 బండికి 16 పిన్నుల సాకెట్ ఉన్నా, లోపల మాట్లాడేది సాధారణంగా కె-లైన్ అనే పాత ఒంటి వైరు పద్ధతి మీద. చవక బ్లూటూత్ అడాప్టర్లు చాలావరకు దాంతో సరిగ్గా కలవవు, కలిసినా మధ్యలో తెగిపోతాయి. అడాప్టర్ కలవలేదంటే ఈసీయూ పోయిందని కాదు. మల్టీబ్రాండ్ స్కానర్ ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి, కోడ్లు కాదు లైవ్ డేటా చూపించమని గట్టిగా అడగండి. చాలామంది కోడ్ చదివి స్కానర్ పీకేస్తారు. మనకు కావాల్సింది ఆ తర్వాత పేజీలో ఉంటుంది.

రెండోది వేడి మీద చేసే పరీక్ష. ఇంజన్ స్టార్ట్ చేసి ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఉంచండి. థర్మోస్టాట్ తెరుచుకునేది సాధారణంగా 82 డిగ్రీల ప్రాంతంలో, ఫ్యాన్ అందుకునేది 95 చుట్టుపక్కల. ఆ సమయంలో స్కానర్‌లో కూలెంట్ ఎంత చూపిస్తోందో చూడండి. నిజమైన వేడి తెలుసుకోవడానికి ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉంటే మంచిది, కానీ దాన్ని తళతళలాడే అల్యూమినియం హౌసింగ్ మీదికి నేరుగా పెడితే అసలు కంటే చాలా తక్కువ చూపిస్తుంది. మెరిసే లోహం వేడిని సరిగ్గా వెలువరించదు. హౌసింగ్ మీద సెన్సార్ పక్కనే నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క ఒకటి అంటించి, అది వేడెక్కాక దాని మీదికి గన్ పెట్టండి. టేపు మీద 88 వచ్చి స్కానర్‌లో 42 ఉంటే మన అనుమానం నిజమైనట్టే. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే ఈ సెన్సార్‌ను వదిలేసి, కింద చెప్పే వేరే కారణాలకు వెళ్లండి.

ఇప్పుడు తప్పు సెన్సార్‌దా, వైరింగ్‌దా అనేది తేల్చాలి. అందరూ ఇక్కడ తొందరపడి సెన్సార్ కొనేస్తారు. ఈ సెన్సార్ లోపల ఉండేది వేడెక్కే కొద్దీ రెసిస్టెన్స్ తగ్గే ఒక చిన్న థర్మిస్టర్. మన దగ్గర తిరిగే జపాన్, కొరియా తరహా పెట్రోల్ బళ్లలో చాలావాటికి విలువలు దాదాపు ఇలా ఉంటాయి:

20 డిగ్రీల దగ్గర సుమారు 2,450 ఓమ్స్
40 డిగ్రీల దగ్గర సుమారు 1,150 ఓమ్స్
60 డిగ్రీల దగ్గర సుమారు 590 ఓమ్స్
80 డిగ్రీల దగ్గర సుమారు 320 ఓమ్స్
100 డిగ్రీల దగ్గర సుమారు 190 ఓమ్స్

తాళం ఆఫ్ చేసి, కప్లర్ (వైర్లను సెన్సార్‌కు తగిలించే ప్లాస్టిక్ ప్లగ్) లాక్ నొక్కి లాగి, మల్టీమీటర్ సెన్సార్ రెండు పిన్నుల మీద పెట్టండి. వైరు పట్టుకుని లాగకండి, పదిహేనేళ్ల వేడికి ఆ ప్లాస్టిక్ లాక్ అప్పడంలా విరుగుతుంది. వేడి ఇంజన్ మీద 250, 300 ఓమ్స్ వస్తే సెన్సార్ మంచిదే. అదే వేడికి 1,100 చూపిస్తే సెన్సారే పోయింది, మార్చేయండి, వైరింగ్ గొడవ లేదు.

నా అంచనా మాత్రం సెన్సార్ మంచిదని తేలుతుందని. ఎందుకో లెక్క చూడండి. కప్లర్‌లో పిన్ను పచ్చగా తుప్పు పట్టి, లేదా ఎక్కడో అతుకు వదులై లైనులో 900 ఓమ్స్ అదనపు రెసిస్టెన్స్ చేరిందనుకుందాం. పొద్దున 25 డిగ్రీలకు సెన్సార్ రెసిస్టెన్స్ 2,000 పైచిలుకు, దానికి 900 కలిస్తే ఈసీయూకు 16 డిగ్రీల్లా కనిపిస్తుంది. తొమ్మిది పది డిగ్రీల తేడా, ఇంజన్‌కు పెద్దగా తెలియదు. అదే 90 డిగ్రీల దగ్గర సెన్సార్ రెసిస్టెన్స్ 250 లోపే ఉంటుంది, దానికి 900 కలిస్తే 1,150, అంటే సరిగ్గా 40 డిగ్రీలు. అదే తుప్పు, చల్లగా ఉన్నప్పుడు కనిపించదు, వేడి మీద ఏకంగా 50 డిగ్రీల అబద్ధమవుతుంది. పొద్దున బాగుంది, వేడి మీదే ఏడిపిస్తోంది అన్నప్పుడు నేను లైను వైపు చూసేది ఇందుకే.

దీన్ని పట్టుకునే పద్ధతి నాకు చాలా ఇష్టమైనది. ఎలక్ట్రానిక్స్ షాపులో 330 ఓమ్స్ రెసిస్టర్ ఒకటి, 2.2 కిలో ఓమ్స్ రెసిస్టర్ ఒకటి కొనండి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, వేరే ఊళ్లో టీవీ రిపేరు షాపువాళ్లు ఊరికే ఇచ్చినా ఇస్తారు. సెన్సార్ కప్లర్ ఊడదీసి, ఆ కప్లర్ రెండు రంధ్రాల్లో 330 ఓమ్స్ రెసిస్టర్ కాళ్లు గుచ్చి, తాళం ఆన్ చేసి స్కానర్ చూడండి. కాళ్లు లావుగా ఉంటే బలవంతంగా తోయకండి, కప్లర్ లోపలి క్లిప్పు వెడల్పయి కొత్త సమస్య వస్తుంది. స్కానర్ 80 డిగ్రీల దగ్గర చూపించాలి. 2.2 కిలో ఓమ్స్‌కు 22, 23 డిగ్రీలు చూపించాలి. చూపిస్తే వైరింగ్, ఈసీయూ రెండూ మంచివే, తప్పు సెన్సార్‌లోనో, సెన్సార్ పిన్నుల దగ్గరి పట్టులోనో ఉంది. 330కి 40 డిగ్రీలే చూపిస్తే సెన్సార్‌కు ఏ పాపమూ తెలియదు, అదనపు రెసిస్టెన్స్ కప్లర్‌కు ఈసీయూకు మధ్యలో దాక్కుని ఉంది.

ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. కప్లర్ ఊడదీసి తాళం ఆన్‌లో పెడితే దాని రెండు పిన్నుల మధ్య 5 వోల్టులు కనిపించాలి. స్కానర్ మైనస్ 40 డిగ్రీలు చూపించాలి. రెండు పిన్నులను సన్నటి వైరుతో కలిపితే రీడింగ్ 120, 130 డిగ్రీల పైకి ఎగబాకాలి. కొన్ని బళ్లలో సెన్సార్ లేదని గుర్తించగానే ఈసీయూ తనంతట తాను 80 లాంటి ఒక విలువ వేసుకుని ఫ్యాన్ నడిపించేస్తుంది, కాబట్టి మైనస్ 40 రాకపోతే కంగారు పడకండి. ఇలా కలపడం ఈ రెండు వైర్ల టెంపరేచర్ సెన్సార్‌కు మాత్రమే. మ్యాప్ సెన్సార్ (ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడిని కొలిచేది), థ్రాటిల్ సెన్సార్ లాంటి మూడు వైర్ల కప్లర్లలో ఇలా చేస్తే 5 వోల్టుల సప్లయ్ నేరుగా ఎర్త్‌కు షార్ట్ అవుతుంది.

బల్బు టెస్టర్‌ను ఈ లైన్ల దగ్గరికి రానివ్వకండి. హెడ్‌లైట్లకు, హారన్‌కు అది బాగానే ఉంటుంది. సెన్సార్ లైనులో బల్బు గుచ్చి బ్యాటరీ ప్లస్‌కు తగిలిస్తే ఈసీయూ లోపలి సర్క్యూట్‌లోకి 12 వోల్టులు వెళతాయి. బాగున్న ఈసీయూను నిజంగానే చంపే దారి అది. మల్టీమీటర్ తప్ప వేరేది వాడబోతే మీరే ఆపండి.

లైనులో తప్పు ఉందని తేలితే ఎక్కడ వెతకాలి? మీ బండిలో నేను ముందు చూసేది పాత ఎల్పీజీ కిట్ అతుకులు. ఆ కిట్లు పెట్టేటప్పుడు ఇంజెక్టర్ వైర్లు, కొన్నిసార్లు సెన్సార్ వైర్లు కోసి తమ కంట్రోలర్‌కు కలుపుతారు. తీసేటప్పుడు మళ్లీ మెలితిప్పి టేపు చుట్టేస్తారు. ఫైర్‌వాల్ దగ్గర, బ్యాటరీ కింద వెళ్లే వైరింగ్ కట్టను చేత్తో తడుముతూ పోండి. ఫ్యాక్టరీ చుట్టిన టేపు పల్చగా, ఒకే తీరుగా ఉంటుంది. మధ్యలో ఎక్కడైనా లావుగా, జిగురు కారుతూ, వేలికి నల్లగా అంటుకునే టేపు తగిలితే అక్కడ ఆగి విప్పండి. లోపల రాగి తీగ ఎర్రగా మెరవకుండా నల్లగానో పచ్చగానో మారి ఉంటే అదే మీ 900 ఓమ్స్. ఆ ముక్క కోసేసి, మంచి తీగ కనిపించేదాకా తొక్క తీసి, సోల్డరింగ్ చేసి హీట్ ష్రింక్ గొట్టం తొడిగించండి. మళ్లీ మెలితిప్పి టేపు వేయించుకుంటే ఏడాదికి ఇదే కథ.

ఆ తర్వాత చూడాల్సింది సెన్సార్ కప్లర్ లోపల. ప్రెషర్ పంపుతో ఇంజన్ వాటర్ వాష్ చేయించే అలవాటు మన దగ్గర ఎక్కువ. రబ్బరు సీలు ఎండిపోయిన కప్లర్‌లోకి ఆ నీళ్లు దూరి బయటికి రావు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, క్లిప్పులు వదులుగా ఉంటే సన్నటి సూదితో దగ్గరికి నొక్కి పెట్టండి. ఎలుకలు కొరికిన వైర్లు కూడా ఉంటాయి, ముఖ్యంగా వానాకాలం తర్వాత. చివరిగా ఎర్త్. ఇంజన్ నడుస్తుండగా, హెడ్‌లైట్లు, ఫ్యాన్ వేసి, సెన్సార్ ఎర్త్ వైరుకు, బ్యాటరీ మైనస్‌కు మధ్య వోల్టేజీ చూడండి. 0.1 వోల్టు కంటే తక్కువ ఉండాలి. 0.3, 0.4 ఉంటే గేర్‌బాక్స్ మీద, బాడీ మీద బిగించిన ఎర్త్ బోల్టులు విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది బిగించండి. ఆ ఎర్త్ తప్పయితే ఒక్క టెంపరేచర్ సెన్సారే కాదు, అదే ఎర్త్ పంచుకునే సెన్సార్లన్నీ తప్పు చెబుతాయి.

ఇంత చేసినా స్కానర్ రీడింగ్, టేపు మీద వేడి రెండూ కలిసి, రెండూ తక్కువగా ఉన్నాయనుకోండి. అంటే ఇంజన్ నిజంగానే చల్లగా నడుస్తోంది. దీనికి మన ప్రాంతంలో ఒక ప్రత్యేక కారణం ఉంది. ఎండలు ఎక్కువ, బండి హీటెక్కుతుంది అని థర్మోస్టాట్ వాల్వ్ పీకి పారేసే అలవాటు ఇంకా పోలేదు. అది లేకపోతే నీళ్లు ఎప్పుడూ రేడియేటర్ గుండా తిరుగుతూ ఉంటాయి, హైవే మీద 80 వేగంలో ఇంజన్ 60 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. ట్రాఫిక్‌లో ఎక్కుతుంది, హైవే ఎక్కగానే దిగుతుంది. అప్పుడు ఈసీయూ ఎక్కువ పెట్రోల్ పోయడం దాని తప్పు కాదు. సెన్సార్ ఎన్నిసార్లు మార్చినా అంతే. థర్మోస్టాట్ తిరిగి పెట్టించాలి. దాన్ని తీసేయడాన్ని నేను ఎప్పుడూ ఒప్పుకోను. ఇంజన్ హీటెక్కుతుంటే రేడియేటర్, ఫ్యాన్, పంపు చూడాలి.

కూలెంట్ కూడా చూడండి. బోరు నీళ్లు పోసిన బళ్లలో సెన్సార్ కొన మీద తెల్లటి సున్నపు పొర గట్టిగా పేరుకుని వేడి లోపలికి ఆలస్యంగా వెళుతుంది. నీళ్లు తక్కువైతే సెన్సార్ కొన నీళ్లలో కాక గాలి బుడగలో ఉండి పిచ్చి రీడింగులు ఇస్తుంది. రేడియేటర్ మూత మాత్రం ఇంజన్ పూర్తిగా చల్లారాకే తీయండి. లోపల ఒత్తిడి మీద ఉన్న నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత తిప్పగానే ఆవిరై ముఖం మీదికి వస్తాయి.

టెంపరేచర్ లైన్ నిర్దోషి అని తేలితే పెట్రోల్ ఎక్కువవడానికి మిగిలినవి కొన్నే. మ్యాప్ సెన్సార్ ఉన్న బండి అయితే స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో అది బయటి గాలి ఒత్తిడినే చూపించాలి: విజయవాడలో 100 కిలోపాస్కల్స్ దగ్గర, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో 95 దగ్గర. ఐడిలింగ్‌లో 30, 40 మధ్యకు దిగాలి. ఐడిలింగ్‌లో 55, 60 ఉంటే దాని గొట్టం చిట్లిందేమో చూడండి. పెట్రోల్ ఒత్తిడిని అదుపులో ఉంచే ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ ఇంజన్ మీదే ఉన్న రకమైతే దాని వాక్యూమ్ గొట్టం ఊడదీసి వాసన చూడండి, పెట్రోల్ తడి తగిలితే లోపలి పొర చిరిగింది, ఇంజన్‌లోకి పెట్రోల్ నేరుగా కారుతోంది. దీని లక్షణాలు కూడా అచ్చం మీవి లాగే ఉంటాయి, కాబట్టి ఇది తప్పకుండా చూడండి. కారే ఇంజెక్టర్ చివరి అనుమానం. క్రాంక్ సెన్సార్ గురించి కొందరు భయపెడతారు, కానీ అది వేడికి పోతే నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది, చల్లారేదాకా యాక్సిలరేటర్ ఎంత తొక్కినా రాదు. మీ కథ అది కాదు.

సెన్సారే మార్చాల్సి వస్తే, ఆటోనగర్‌లో కొన్నా కంపెనీ కౌంటర్‌లో కొన్నా, బిగించేముందు పరీక్షించండి. డూప్లికేట్లలో పిన్నులు, థ్రెడ్ అచ్చు గుద్దినట్టు ఉంటాయి, లోపలి థర్మిస్టర్ మాత్రం వేరే. గది వేడి 30 డిగ్రీలుంటే మీటరు 1,650 ఓమ్స్ ప్రాంతంలో చూపించాలి. ఇంటి దగ్గర గిన్నెలో నీళ్లు మరగబెట్టి, అడుగు తగలకుండా కొన మాత్రం ముంచి పట్టుకోండి, 190 దగ్గరికి రావాలి. పాత మంచి సెన్సార్ ఉంటే రెండూ ఒకే గిన్నెలో ముంచి పోల్చడం ఇంకా మంచిది. బిగించేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలి, వాషర్ కొత్తది వేయాలి, అల్యూమినియం థ్రెడ్ కాబట్టి బలం చూపించకూడదు. తర్వాత కూలెంట్ నింపి గాలి పూర్తిగా తీయించండి.

తప్పు దొరికి సరిచేశాక కోడ్ చెరిపేసి, స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూడండి. సరిచేయకముందు అది మైనస్ 20, మైనస్ 25 శాతం దగ్గర ఉండి ఉంటుంది. సరిచేశాక రెండు మూడు రోజులు నడిపితే ప్లస్ మైనస్ 5 లోపలికి రావాలి. రాకపోతే ఇంకో తప్పు కూడా ఉన్నట్టు. వేడి మీద ఆపి పది నిమిషాలాగి స్టార్ట్ చేసే మీ పాత పరీక్ష కూడా చేయండి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా.

ఇంజన్ ఆయిల్ కూడా మార్పించండి, కిలోమీటర్లు కాకపోయినా సరే. ఇన్నాళ్లూ ఎక్కువైన పెట్రోల్‌లో కొంత రింగుల పక్క నుంచి కిందికి జారి ఆయిల్‌లో కలిసి ఉంటుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, పెట్రోల్ కొడుతుంటే, లెవల్ గుర్తు దాటి పైకి ఉంటే, ఆ పల్చబడ్డ ఆయిల్‌తో ఇంకో వంద కిలోమీటర్లు కూడా నడపకండి. ప్లగ్గులు కొత్తవే అన్నారు కాబట్టి తీసి మసి తుడిచి మళ్లీ పెట్టుకోవచ్చు. పొద్దున కూలెంట్ రీడింగ్, వేడి మీద రీడింగ్, 330 ఓమ్స్‌కు వచ్చిన రీడింగ్, ఈ మూడు అంకెలు రాయండి, అక్కడి నుంచి ముందుకు చూద్దాం.